ఆసవము వేరు, పండ్ల మద్యము వేరు

వ్యర్థమగు పండ్లనుండి, తొక్కలనుండి, పాలవిరుగుడు నుండి సైతము క్రొత్త మద్యపానీయములను తయారుచేయుటకు ఆహార శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. పలాస ప్రాంతపు తోటలలో గింజను తీసికొని జీడిమామిడి పండును చెట్టు క్రిందనే కుళ్ళనిచ్చుట అందరెరిగినదే. నారింజకంటె ఎన్నో రెట్లు 'సి' విటమిన్ గల పండది! గోవావారు దానినుండియే ఫెనీ కాచి, 2009లో భౌగోళిక గుర్తింపును పొందినారు. రైతుకు నాలుగు రూకలు దక్కునన్నచో నాకు అభ్యంతరము లేదు. కాని "ఇదియు మన ఆసవమే కదా" యని ఆయుర్వేదము పేర ఇట్టివానిని ఇంటిలోనికి తెచ్చుటను మాత్రము నేనంగీకరింపను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానము 25వ అధ్యాయమున 84 ఆసవములు లెక్కింపబడినవి. పండ్లవి 26, చేవలవి 20, వేళ్ళవి 11, పూలవి 10, ధాన్యములవి 6. కాండము, బెరడు, ఆకు, చక్కెరలవి మిగిలినవి. గురుకులమున మాచేత ఈ పట్టికను వల్లె వేయించెడివారు. అయితే అదే గ్రంథమున చికిత్సాస్థానము 24వ అధ్యాయము మదాత్యయమునకు, అనగా మద్యము వలన కలుగు రోగములకు, కేటాయింపబడినదని ఎందరికి తెలియును?

ద్రాక్షారిష్టములోను మద్యాంశము కలదు, కాదనను. బెల్లమును, ఆరెపూలను చేర్చి సంధానము చేసినపుడు అది స్వయముగా జనించును; సాధారణముగా 5 నుండి 10 శాతము. ఓషధుల సారమును గ్రహించి, చెడకుండ నిలుపుటయే దాని పని. మోతాదు 15 నుండి 30 మిల్లీలీటర్లు, సమముగా నీరు కలిపి భోజనానంతరము. గ్లాసునిండ పోసికొని త్రాగునది ఔషధము కాదు. ఆ కొద్దిపాటి అరిష్టము కూడ మధుమేహులు, కాలేయ వ్యాధిగ్రస్తులు, గర్భిణులు వైద్యుని అడుగకుండ సేవింపరాదు.

పండ్ల మద్యము గుండెకు మేలు అనువారున్నారు. మద్యము ఎంత స్వల్పమైనను నిరపాయము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టము చేసినది. 1992 నాటి దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటమును చూచిన తరము మనది. సీసా మీద పండు బొమ్మ ఉన్నంత మాత్రమున లోపలి పదార్థము మారునా?

ఇక ఇంటిలో జాడీలు మూతకట్టి ద్రాక్ష పులియబెట్టువారు ఒక సంగతి గమనింపవలెను. పులియుచున్నపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. బిగించిన గాజుసీసా పగిలి కన్నులు పోవచ్చును. పండ్లలోని పెక్టిన్ నుండి కొద్దిగా మిథనాల్ కూడ జనించును. దానిని తెలియక బట్టీపట్టినచో మరింత ప్రమాదము. పైగా అనుమతి లేని బట్టీ నేరము.

పులియబెట్టుటయే ప్రీతియైనచో మన వంటింటి తరవాణి ఉన్నది, శాస్త్రమునందలి కాంజికమున్నది. మిగిలిన పండ్లరసమును సిర్కాగా మార్చు మార్గమును శాస్త్రజ్ఞులు ముందుగా చూడవలెనని నా అభిప్రాయము. మద్యాంశము పులుపుగా మారును, రైతుకు ధరయు వచ్చును.

జీడిమామిడి పండు దొరకినవారు రసము తీసి, కొద్దిగా చల్లారిన బియ్యపు గంజి కలిపి కదపక ఉంచవలెను. వగరు అడుగునకు దిగును. పైతేటను వంచుకొని, పంచదార, ఏలకులు చేర్చి ఆ పూటయే పానకముగా త్రాగవచ్చును.