మచ్చలు ఒకేలా ఉంటే జబ్బు ఒకటేనా?



నేను మన స్కూల్లో హైస్కూల్ పిల్లలకు బయాలజీ చెబుతాను. ఈ నెల నా పేజీని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడుతున్నాను.

పోయిన ఏడాది చలికాలంలో, నేను క్లాస్ టీచర్‌గా ఉన్న సెక్షన్‌లో ఒక పాపకు మోచేతుల మీద, మోకాళ్ల మీద మచ్చలు వచ్చాయి. వాటి మీద తెల్లటి పొట్టు కూడా లేస్తోంది. రెండు రోజుల్లో ఇద్దరు పేరెంట్స్ ఫోన్ చేశారు. "మేడం, ఆ పాపకు తామర ఉందట. మా పిల్లలు పక్కనే కూర్చుంటున్నారు, కాస్త మార్చండి" అన్నారు. నేను ఆ పాపను తీసుకెళ్లి చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. "కొన్ని రోజులే అమ్మా" అని చెప్పాను. పాప ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఫుల్ హ్యాండ్స్ స్వెటర్ మాత్రం మధ్యాహ్నం ఎండలో కూడా తీయలేదు.

మూడో రోజు వాళ్లమ్మగారు ఆస్పత్రి ఫైలు పట్టుకుని వచ్చారు. జబ్బు పేరు సోరియాసిస్. ఇది ఎవరికీ అంటుకోదని డాక్టర్ రాసిచ్చారు. ఆవిడ నన్ను తిట్టలేదు. "స్కిన్ డాక్టర్ గారికే మూడుసార్లు చూస్తే గానీ తేలలేదు మేడం. మీరు ఒక్క చూపులో తేల్చేశారు" అన్నారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డాక్టర్‌కు కూడా ఎందుకు వెంటనే తేలలేదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: చర్మం మీది మచ్చను చూసి పిల్లల్ని విడదీసే హక్కు మనలో ఎవరికీ లేదు, టీచర్లకూ లేదు, పేరెంట్స్‌కూ లేదు.

ఒకే పేరు, వేర్వేరు జబ్బులు

ముందు మన మాటలోనే ఒక చిక్కు ఉంది. ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే రింగ్‌వార్మ్‌ను మనం తామర అంటాం. ఎగ్జిమాను కూడా తామర అనే అంటాం. మొదటిది అంటుకుంటుంది, రెండోది అంటుకోదు. ఇళ్లలో సోరియాసిస్‌ను కూడా చాలామంది ఇదే లెక్కలో వేస్తారు.

పుస్తకంలో తేడా సులువుగానే కనిపిస్తుంది. ఎగ్జిమా ఎక్కువగా మోచేతి మడతలో, మోకాలి వెనక వస్తుంది. సోరియాసిస్ మోచేతి బయటి వైపు, మోకాలి చిప్ప మీద, తలలో వస్తుంది, దాని అంచు స్పష్టంగా ఉంటుంది. కానీ అన్ని జబ్బులూ పుస్తకం ప్రకారం రావు. అరచేతుల్లో, అరికాళ్లలో వచ్చినప్పుడు రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పిల్లల్లో పొట్టు పల్చగా ఉండి ఇంకా తికమక పెడుతుంది. పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువగా తెల్ల చర్మం మీద తీసినవి, వాటిలో మచ్చ ఎర్రగా ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద అదే మచ్చ గోధుమ రంగులోనో, ఊదాగానో కనిపిస్తుంది. చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసినా ఒక్కోసారి సందేహం మిగిలిపోతుంది.

పోపుల డబ్బా లెక్క

అందుకే శాస్త్రవేత్తలు చర్మం పైన కాకుండా లోపల ఏం జరుగుతోందో చూడటం మొదలుపెట్టారు. దీన్ని జీన్ ఎక్స్‌ప్రెషన్ చూడటం అంటారు. పిల్లలకు నేను ఇలా చెబుతాను.

ప్రతి ఇంట్లో పోపుల డబ్బా ఉంటుంది. అందులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరపకాయలు అన్నీ ఉంటాయి. కానీ ప్రతి వంటలో అన్నీ వేయం. గిన్నెలో చూస్తే సాంబారు, పప్పుచారు ఒకేలా ఉండొచ్చు. ఏది ఎంత పడిందో తెలిస్తే ఏది సాంబారో చెప్పేయొచ్చు. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది, అందులో ప్రొటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20,000. అది డబ్బా. ఇప్పుడు, ఈ చోట, ఏ జీన్ ఎంత పనిచేస్తోందన్నది వంట. జీన్ పనిచేసేటప్పుడు మెసెంజర్ ఆర్ఎన్ఏ తయారవుతుంది. దాన్ని కొలిస్తే లోపలి వంట తెలుస్తుంది.

ఈ పద్ధతితో జబ్బుల్ని వేరుచేయొచ్చని 1999లో బ్లడ్ క్యాన్సర్ విషయంలో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. రెండు రకాల లుకేమియాను కేవలం జీన్ల పనితీరును బట్టి విడదీశారు. చర్మం విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన 2014లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి వచ్చింది. వాళ్లు సోరియాసిస్, ఎగ్జిమా రెండూ ఒకేసారి ఉన్న 24 మందిని తీసుకున్నారు. ఇలాంటివాళ్లు అరుదు. ఒకే మనిషిలో సోరియాసిస్ మచ్చను, ఎగ్జిమా మచ్చను, మచ్చ లేని చర్మాన్ని పోల్చి చూశారు.

ఇది ఎందుకు తెలివైన పద్ధతో మన పిల్లలు కూడా చెప్పగలరు. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పోలిస్తే వయసు, తిండి, వాతావరణం, వంశం అన్నీ వేరుగా ఉంటాయి. తేడా జబ్బు వల్ల వచ్చిందో, మనిషి వల్ల వచ్చిందో తెలియదు. ఒకే మనిషిలో పోలిస్తే ఆ గొడవ ఉండదు. సైన్స్ ల్యాబ్‌లో మేము రోజూ చెప్పే 'కంట్రోల్' ఇదే. చివరికి ఎన్ఓఎస్2, సీసీఎల్27 అనే రెండు జీన్లను కలిపి చూస్తే ఈ రెండు జబ్బుల్ని చాలావరకు వేరుచేయొచ్చని తేల్చారు. వేరే రోగుల శాంపిల్స్ మీద కూడా పరీక్షించి చూశారు.

పేరు తప్పితే మందు తప్పుతుంది

పేరు ఏదైతే ఏం, క్రీమ్ రాస్తే తగ్గుతుంది కదా అని అనిపించొచ్చు. తేలికగా ఉన్నప్పుడు కొంతవరకు నిజమే, రెండింటికీ కొన్ని మందులు ఒకటే. జబ్బు ముదిరినప్పుడు దారులు వేరవుతాయి. సోరియాసిస్‌లో ఐఎల్-17, ఐఎల్-23 అనే సంకేతాలు ఎక్కువగా పనిచేస్తాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అటోపిక్ ఎగ్జిమాలో ఐఎల్-4, ఐఎల్-13 ముఖ్యం. కొత్త ఇంజెక్షన్లు ఒక్కొక్కటి ఒక్కో సంకేతాన్ని ఆపేలా తయారయ్యాయి. ఎగ్జిమాకు ఇచ్చే డుపిలుమాబ్ వల్ల కొందరిలో సోరియాసిస్ లాంటి మచ్చలు బయటపడ్డాయి కూడా. ఇంత ఖరీదైన మందు తప్పు జబ్బుకు ఇస్తే డబ్బుతో పాటు పిల్లల కాలం కూడా పోతుంది.

అయితే ఒక మాట. ఇది చదివి ఎవరూ జీన్ టెస్ట్ కోసం పరుగెత్తకండి. ఈ పరీక్ష ఇంకా రోజువారీ వైద్యంలో భాగం కాలేదు, చర్మం నుంచి చిన్న ముక్క తీయాలి, చాలామంది పిల్లలకు దాని అవసరమే రాదు. లాలాజలం తీసుకుని చేసే డీఎన్ఏ ప్యాకేజీలు వేరు. అవి డబ్బాలో ఏముందో చెబుతాయి గానీ, ఈ రోజు మచ్చలో ఏ వంట జరుగుతోందో చెప్పవు. మంచి స్కిన్ డాక్టర్ ఓపికగా చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఫంగస్ అనుమానం ఉంటే పొట్టు కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు, అది చిన్న పరీక్షే.

మన వంతు

ఫోన్ చేసిన పేరెంట్స్‌ది తప్పని నేను అనను. గజ్జి, రింగ్‌వార్మ్ నిజంగా అంటుకుంటాయి. హాస్టల్లో దుప్పట్లు, టవల్స్ కలిస్తే ఇంకా త్వరగా పాకుతాయి. భయం సహజం. కానీ ఆ భయానికి జవాబు బెంచీ మార్చడం కాదు, డాక్టర్‌కు చూపించడం. ల్యాబ్‌లో రెండు జీన్లు కొలిచి గానీ వేరుచేయలేని జబ్బులు కొన్ని ఉన్నప్పుడు, క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో చూసి మనం పేరు పెట్టేయడం ఎంతవరకు న్యాయం?

అందుకే నాలుగు విన్నపాలు. పిల్లల చర్మం మీద మచ్చ రెండు వారాలైనా తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కు చూపించండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ తెచ్చి రాయకండి. ఫంగస్ మీద అది రాస్తే మొదట తగ్గినట్టు కనిపించి లోపల్లోపల పాకుతుంది, ఆకారం మారిపోయి డాక్టర్‌కు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. డాక్టర్ చెప్పింది క్లాస్ టీచర్‌కు విడిగా చెప్పండి, గ్రూపులో పెట్టకండి. ఇంకొకరి పిల్లల గురించి అనుమానం ఉంటే మాకు చెప్పండి, పిల్లల ముందు అనకండి. "దాని పక్కన కూర్చోకు" అని ఇంట్లో అన్న మాట మరుసటి రోజు లంచ్ బ్రేక్‌లో ఆ పాప చెవిన పడుతుంది.

మా వైపు నుంచి నా మాట: డాక్టర్ చెప్పకుండా ఏ పిల్లల్నీ చర్మం చూసి వేరే కూర్చోబెట్టను. స్కూల్ మొత్తానికి ఇదే పద్ధతి కావాలని మేనేజ్‌మెంట్‌ను కూడా అడుగుతున్నాను.

ఆ పాపను మర్నాడే పాత బెంచీకి తీసుకొచ్చి, క్లాసు ముందే సారీ చెప్పాను. తర్వాత పీరియడ్‌లో సిలబస్ పక్కన పెట్టి చర్మం గురించి చెప్పాను. పిల్లలు చాలా ప్రశ్నలు అడిగారు. స్వెటర్ తీయడానికి మాత్రం ఆ పాపకు ఇంకో మూడు వారాలు పట్టింది.