షౌక్ మీది, సజా కుక్కకి

"అర్జెంట్ అడాప్షన్. చాలా ఫ్రెండ్లీ. పిల్లలతో బాగుంటుంది. ఓనర్ ఊరు మారుతున్నారు, మంచి ఇల్లు కావాలి."

హైదరాబాద్ కుక్కల గ్రూపుల్లో ఈ తరహా ఇష్తిహార్ చూడని వాళ్ళుండరు. పక్కనే ఫోటో. ఎలుగుబంటంత తల, సింహానికున్నట్టు జూలు, మెడకి లావుపాటి జంజీర్. కాకేషియన్ షెపర్డో, అలబాయో, టిబెటన్ మాస్టిఫో. కింద జనం "అయ్యో పాపం" అంటారు, "ఎంత ముద్దుగా ఉందో" అంటారు. ఒకాయన "నేను తీసుకుంటా భాయ్, నంబర్ పెట్టండి" అంటాడు. సాయంత్రానికి కుక్క బండెక్కుతుంది. అందరికీ ఖుషీ.

ఆ నాలుగు ముక్కల్లో సచ్ ఎంత, ఝూట్ ఎంత అని ఎవరూ అడగరు. చాలాసార్లు ఓనర్ ఏ ఊరూ మారడు. రాత్రంతా కుక్క మొరుగుతోందని అపార్ట్‌మెంట్ వాళ్ళు గొడవ పెట్టి ఉంటారు. లేకపోతే ఇంటికొచ్చిన చుట్టాన్ని అది గోడకి అదిమి నిలబెట్టి ఉంటుంది. ఆ సంగతి ఇష్తిహార్‌లో రాస్తే ఎవరూ తీసుకోరు. కాబట్టి రాయరు.

నేను చెప్పేది ఒక్కటే. హకీకత్ దాచి చేసే అడాప్షన్ రహం కాదు. అదీ సౌదాయే. డబ్బు చేతులు మారదు, అంతే తేడా.

ముందు ఈ జానవర్ ఎవరో తెలుసుకుందాం. ఇవి మందకాపు కుక్కలు. టర్కీలో సివాస్ వైపు కంగాల్, తుర్క్‌మెనిస్తాన్ అలబాయ్, కాకసస్ కొండల షెపర్డ్, ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య కొండల్లోని గ్రేట్ పిరనీస్, ఇటలీ మరెమ్మా. మన దేశంలో పీర్ పంజాల్ కొండల మీదుగా మేకల్ని, గొర్రెల్ని తోలుకెళ్ళే బకర్వాల్‌ల కుక్క, హిమాచల్ గద్దీల కుక్క కూడా ఇదే ఖాందాన్. పేరులో షెపర్డ్ ఉన్నంత మాత్రాన ఇవి గొర్రెల్ని తోలే కుక్కలు కావు. తోలే కుక్క కాపరి సైగ కోసం చూస్తుంది. కాపు కుక్క ఎవరి సైగ కోసమూ చూడదు. కాపరి నిద్రలో ఉన్నప్పుడు తోడేలు వస్తే ఎవర్నీ అడగకుండా తనే ఫైసలా చేయాలి. తరతరాలుగా కాపరులు ఆ గుణం ఉన్నదాన్నే ఉంచుకున్నారు, లేనిదాన్ని వదిలేశారు. అలా తయారైన ఫితరత్ అది. "నా మాట వినదు" అని ఓనర్ ఫిర్యాదు చేస్తాడు. వినకూడదనే దాన్ని తయారు చేశారు సాబ్.

అమెరికాలో 1972లో నిక్సన్ ప్రభుత్వం కేంద్ర భూముల్లో వేటజంతువులకి విషం పెట్టడాన్ని ఆపేసింది. అప్పుడు గొర్రెల రైతులకి వేరే దారి కావలసి వచ్చింది. మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు ఆ దశకంలోనే యూరప్, టర్కీ కుక్కల్ని తెప్పించి రైతుల దగ్గర పెట్టి ఏళ్ళ తరబడి గమనించారు. మంచి కాపు కుక్కకి మూడు గుణాలు కావాలని తేల్చారు: మంద మీదే ధ్యాస ఉండాలి, మందకి హాని చేయకూడదు, మందని కాపాడాలి. మొదటి మూడు నాలుగు నెలల్లో పిల్ల ఎవరి మధ్య పెరుగుతుందో వాళ్ళే దాని కుటుంబం అవుతారు. గొర్రెల మధ్య పెరిగితే గొర్రెలు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగితే ఆ సోఫా, ఆ బాల్కనీ, ఆ ఇంటి పాప. అప్పుడిక లిఫ్ట్ దగ్గర పార్సిల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడే తోడేలు.

అది పిచ్చి కాదు, పొగరు కాదు. డ్యూటీ.

రాత్రి మొరగడం కూడా డ్యూటీయే. నికార్సైన కాపు కుక్క ముందుగా మొరుగుతుంది. "ఇక్కడ నేనున్నా, నీ దారిన నువ్వు పో" అని దూరంనుంచే చెబుతుంది. పోట్లాట ఆఖరి మాట. కొండ మీద ఆ అరుపు కాపరికి జోలపాట. మణికొండలో అదే అరుపు పోలీస్ కంప్లైంట్.

మరి ఇంత కొండ కుక్క మన ఇళ్ళల్లోకి ఎట్లా వచ్చింది? షౌక్ తెచ్చింది. షాన్ తెచ్చింది. కారు, ఫోన్, ఫామ్‌హౌస్ అయిపోయాక ఇక మిగిలింది కుక్కేగా! 2025లో బెంగళూరులో ఒకాయన తన కుక్కని 50 కోట్లకి కొన్నానని చెప్పుకుంటే దేశమంతా వార్త అయింది. అది నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. కుక్క ధర చెప్పి ఇజ్జత్ సంపాదించవచ్చని ఒక మనిషి అనుకోవడం, మనం నోరెళ్ళబెట్టి చూడటం, అదీ బీమారీ.

పిల్లగా ఉన్నప్పుడు అది దూది ఉండ. రీల్స్‌కి బాగుంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చేసరికి బరువు 50, 60 కిలోలు. అప్పటికి దాని లోపలి చౌకీదార్ నిద్రలేస్తాడు. హైదరాబాద్ మే నెల ఎండలో రెండు పొరల ఉన్ని కప్పుకుని అది రొప్పుతుంటుంది. దాణా ఖర్చు నెలనెలా పెరుగుతుంది. పనిమనిషి లోపలికి రానంటుంది. ముందు బాల్కనీ, తర్వాత మేడమీద రేకుల షెడ్డు, తర్వాత జంజీర్, ఆఖరికి ఇష్తిహార్. అదీ లేకపోతే రింగ్ రోడ్డు పక్కన లావారిస్.

దీనికి కానూన్ లేదా? ఉంది. 2016లో కేంద్రం వ్యాపారపు బ్రీడింగ్ కోసం విదేశీ కుక్కల దిగుమతిని ఆపింది. 2017 నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఇక 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో, జంతువు ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచిన కుక్కని తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారి దొరికితే జుర్మానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. పదికి ఇరానీ చాయ్ కూడా రాదు. లక్షలు పోసి కొన్న ప్రాణాన్ని రోడ్డు మీద వదిలేసిన వాడికి మన కానూన్ వేసే సజా ఇది.

సర్కార్ ఇది సరిచేయాల్సింది పోయి ఏం చేసింది? 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి ఒక ఉత్తరం రాసింది. 23 జాతుల కుక్కలు ప్రమాదకరం, దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపండి, ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్నవాటికి స్టెరిలైజేషన్ చేయించండి అని. ఆ జాబితాలో కంగాల్, అక్‌బాష్, అలబాయ్, కాకేషియన్ అన్నీ ఉన్నాయి. సంబంధం ఉన్నవాళ్ళతో సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. ఈ మధ్యలో జరిగిందేమిటి? భయపడ్డ ఓనర్లకి కుక్కని వదిలించుకోవడానికి ఒక బహానా దొరికింది. బ్రీడర్ బద్నాం కాలేదు, దలాల్ బద్నాం కాలేదు. కుక్క బద్నాం అయింది. కొండ మీద తరతరాలుగా మనిషి ఆస్తి కాపాడిన జాతి మన కాగితం మీద ముజ్రిమ్ అయింది.

"కుక్క నాపాక్ కదా భాయ్, నీకెందుకు ఈ గోల" అనే దోస్తులకి ఒక మాట. కుక్కని ఊరికే పెంచుకోవడాన్ని వద్దన్న హదీసులే మందకి, పొలానికి కాపలా కాసే కుక్కని, వేట కుక్కని మినహాయించాయి. అంటే దాని పనికి ఇజ్జత్ ఇచ్చాయి. మనం దాన్ని సరిగ్గా తలకిందులు చేశాం. పని తీసేశాం, షౌక్ ఉంచాం. దాహంతో ఉన్న కుక్కకి నీళ్ళు తాగించి మగ్‌ఫిరత్ పొందిన కథ మనలో చిన్నపిల్లలకీ తెలుసు. బేజుబాన్‌కి రహం చూపడానికి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు రెస్క్యూ చేసేవాళ్ళతో నా ఝగడా. మీ మీద నాకు ఇజ్జత్ ఉంది. అర్ధరాత్రి ఫోనొస్తే సొంత పెట్రోల్ పోసుకుని వెళ్ళేది మీరే. గాయాలు కడిగేది మీరే. కానీ కుక్కని బయటికి తీయడంతో సగం పనే అయింది. ఎవరికి ఇస్తున్నారన్నది మిగతా సగం. అక్కడ తొందరపడితే మొదటి సగం కూడా బర్బాద్.

చెప్పాల్సింది చెప్పండి. కరిచిందా, ఎవర్ని, ఎప్పుడు? రాయండి. రాత్రి మొరుగుతుందా? రాయండి. ఇంకో కుక్కని ఓర్చుకుంటుందా? పరీక్షించి రాయండి. వచ్చిన రోజే ఇచ్చేయకండి. భయంతో ముడుచుకున్న కుక్కని చూసి "శాంతం" అనుకుంటారు. కొన్ని వారాలు గడిచి, ఇది నా జాగా అనిపించాకే దాని అసలు రంగు తెలుస్తుంది. స్టెరిలైజేషన్ కాకుండా ఇవ్వకండి. లేకపోతే మీ చేత్తోనే ఇంకో బ్రీడర్‌కి మాల్ ఇచ్చినట్టు. ఎత్తైన ప్రహరీ లేని ఇంటికి వద్దు, ఫ్లాట్‌కి వద్దే వద్దు. గోడౌన్ కాపలాకి అడిగేవాడికి అసలొద్దు. వాడికి కావాల్సింది కుక్క కాదు, జీతం అడగని ఖైదీ.

"ఫామ్‌హౌస్ ఉంది" అనగానే సంబరపడకండి. ఫామ్‌హౌస్ వేరు, ఫామ్ వేరు. ఆదివారం మాత్రమే మనుషులొచ్చే చోట మిగతా ఆరు రోజులు ఆ కుక్క ఎవరికోసం కాపలా కాయాలి? నిజంగా మేకలూ గొర్రెలూ ఉన్న రైతు అడిగితే మంచిదే, అక్కడ కూడా జాగ్రత్త. ఫ్లాట్‌లో పెరిగిన కుక్కకి గొర్రె అంటే ఏమిటో తెలియదు. దాన్ని తీసుకెళ్ళి మందలో వదిలితే ఆటకి తరిమి పిల్లల్ని చంపుతుంది. అప్పుడు నష్టపోయేది నాలుగు జీవాలున్న గరీబ్ రైతు. జాతి పేరు చూసి పని ఇవ్వకూడదు. ఆ కుక్క ఎలా పెరిగిందో చూసి ఇవ్వాలి. కంచె అవతల నుంచి, తాడు మీద, మనిషి కళ్ళముందు నెలల తరబడి అలవాటు చేయాలి. అయినా కుదరకపోవచ్చు.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ కథ కొత్త కాదు. టెక్సస్ పల్లెల్లో స్టెరిలైజ్ చేయని గ్రేట్ పిరనీస్‌లు ఈని ఈని షెల్టర్లు నిండుతాయి. రెస్క్యూ సంఘాలు వాటిని బండ్లలో వేరే రాష్ట్రాలకి తరలిస్తాయి. బాధ్యత గల సంఘం అక్కడ దరఖాస్తు తీసుకుంటుంది, కంచె ఫోటో అడుగుతుంది, ఇల్లు చూస్తుంది, కుదరకపోతే కుక్కని తనకే తిరిగివ్వాలని రాయించుకుంటుంది. "ఉచితంగా ఇచ్చే కుక్కకి ఇన్ని సవాళ్ళా" అని విసుక్కునే వాళ్ళుంటారు. విసుగొచ్చి పోయేవాడు పోవడమే ఆ సవాళ్ళ ఫాయిదా.

"ఇన్ని షరతులు పెడితే ఒక్క కుక్కకీ ఇల్లు దొరకదు, షెల్టర్లోనే చస్తాయి" అంటారు. తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. జాగా తక్కువ, డబ్బు తక్కువ, కుక్కలు ఎక్కువ. కానీ హిసాబ్ పూర్తిగా వేయండి. దాచి ఇచ్చిన కుక్క తిరిగొస్తుంది. ఈసారి ఒక కాటు రికార్డుతో వస్తుంది. మూడో ఇల్లు మారేసరికి అది ఎవర్నీ నమ్మదు. దాని కాటు తిన్న పిల్లవాడి మొహం పేపర్లో పడితే ఆ జాతిలో మిగతా వాటన్నిటికీ తలుపులు మూసుకుంటాయి. సచ్ చెప్పి పది మందిని పోగొట్టుకుంటే పదకొండోవాడు నిలుస్తాడు. ఎవరికీ ఇవ్వకూడని కుక్కలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని జీవితాంతం మీరే ఉంచుకోవాల్సి వస్తుందని ఒప్పుకునే ధైర్యం కావాలి.

ఈ కుక్కలకి సరైన జాగా ఇస్తే ఏం చేస్తాయో లోకం చూసింది. నమీబియాలో చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకి అనటోలియన్, కంగాల్ కుక్కల్ని ఇస్తోంది. మంద భద్రంగా ఉంటే రైతు చీతాని కాల్చడు. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ దగ్గర మిడిల్ ఐలండ్‌లో నక్కలు పెంగ్విన్లని దాదాపు తుడిచిపెడితే, 2006 నుంచి మరెమ్మా కుక్కల్ని కాపలా పెట్టారు. పెంగ్విన్లు మళ్ళీ పెరిగాయి. నమీబియాలో ఫోటో చూసి కుక్కని ఇవ్వలేదు. పని చూసి ఇచ్చారు, ఇచ్చాక వెళ్ళి చూశారు.

కాబట్టి కొనాలని జేబు తడుముకునే సాబ్‌లకి ఒకటే సవాల్: ఈ కుక్కకి మీ దగ్గర ఏం పని ఉంది? జవాబు లేకపోతే కొనకండి. దత్తత ఇచ్చేవాళ్ళకి కూడా అదే సవాల్: ఆ మనిషి దగ్గర దీనికి ఏం పని ఉంది? జవాబు రాకపోతే ఇవ్వకండి. ప్రభుత్వానికి ఇంకోటి: బ్రీడర్ రిజిస్ట్రేషన్ అడిగే మనిషి ఒక్కడైనా మార్కెట్‌కి వస్తున్నాడా? ఆ పది రూపాయల జుర్మానా ఎప్పుడు మారుస్తారు?

కుక్కకి వఫాదారీ మనం నేర్పాల్సిన పని లేదు. జిమ్మేదారీ నేర్చుకోవాల్సింది మనం.