బీటిల్సా? రోలింగ్ స్టోన్సా?

ఆంగ్లదేశపు రాక్ గాయకబృందములలో నేది మిన్న యను వాదము అరువదేండ్లుగా సాగుచున్నది. 1960లో లివర్‌పూల్ నగరమున నేర్పడిన బీటిల్సు 1970లో విడిపోయిరి. 1962లో లండనున నేర్పడిన రోలింగ్ స్టోన్సు 2023లో సయితము క్రొత్త పాటల సంపుటమును వెలువరించిరి. దీర్ఘాయువే కొలత యైనచో స్టోన్సుదే గెలుపు. అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతమునెడ వారు చూపిన భక్తియు మెచ్చదగినదే.

అయినను నా యభిప్రాయమున బీటిల్సే యధికులు. 1963లో సరళమైన ప్రేమగీతములు పాడిన యా నలుగురే 1965లో మన సితారును తమ పాటలోనికి దెచ్చిరి. 1966లో 'ఎలియనార్ రిగ్బీ' యను పాటకు గిటారును, డ్రమ్ములను విడిచి, వయొలిన్ జాతి వాద్యములు ఎనిమిదింటిని మాత్రమే వాడి, దిక్కులేనివారి యొంటరితనమును గానము చేసిరి. కీర్తి దెచ్చిన మార్గమును తామే విడిచి క్రొత్తదారి వెదకుట సామాన్యధైర్యము కాదు. విద్యార్థులు గ్రహింపదగిన గుణ మిదియే.

కాని యొక మాట. 1963లో స్టోన్సు రెండవ రికార్డునకు పాట వ్రాసి యిచ్చినవారు బీటిల్సే. 2023 సంపుటమున బీటిల్సులోని పాల్ మెకార్ట్‌నీ స్టోన్సుతో గూడి యొక పాటకు బాస్ గిటారు వాయించెను. గాయకులకు లేని వైరము శ్రోతల కేల? మిత్రులారా, పక్షము వహింపుడు. ఎదిరిపక్షపు పాటయు శ్రద్ధతో వినిన పిమ్మటనే వహింపుడు.