మధ్యాహ్నం తలుపులు మూసే ఊరు

ఇటలీ వెళ్తున్నానంటే మా చోడవరంలో స్వెట్టరు పెట్టుకోమని సలహా చెప్పనివారు లేరు. సముద్రం దాటితే మంచేనని మన లెక్క. 2025 జూన్ మొదట్లో రెండు స్వెట్టర్లతో బయలుదేరాను. ఆగస్టులో వాటిని మడత విప్పకుండానే తిరిగి తెచ్చాను.

మా అబ్బాయి కాపురం నొవెల్లారాలో. ఉత్తర ఇటలీలో, రెజ్జో ఎమీలియా జిల్లాలో వుందా ఊరు. జనాభా 13 వేల పైచిలుకు. చోడవరం కంటె చిన్నదే. ఊరి నడుమ గొంజాగా ప్రభువుల కోట వుంది, మునిసిపాలిటీ ఆఫీసు అందులోనే. చుట్టూ పో నది మైదానం, పళ్ళెంలా చదునుగా. జూలై వచ్చిందంటే ఆకు కదలదు. మనం ఉక్క అనేదాన్ని వాళ్ళు ‘ఆఫా’ అంటారు. దోమలకు మాత్రం అనువాదం అక్కర్లేదు.

ఒక్కటే తేడా. మనకు ఆరున్నరకల్లా సూర్యుడు దయతలుస్తాడు. అక్కడ జూన్ నెలలో రాత్రి తొమ్మిదింటికి పొద్దుగూకుతుంది! సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక మొదటివారం తికమకపడ్డాను. చివరికి గడియారాన్నే నమ్ముకొని ఆరున్నరకే పెట్టేదాన్ని, కళ్ళు చెదిరే యెండలో.

పరాయిదేశంలో మనిషిని మొదట పలకరించేది కాగితం. విదేశీయులెవరైనా చుట్టపుచూపుగా వచ్చినా సరే, 48 గంటల్లోగా ఆ యింటివారు పోలీసులకు, పోలీసు కార్యాలయం లేని ఊళ్ళో మేయరుకు రాసి యివ్వాలని అక్కడి చట్టం. అత్తగారు దిగారని కోడలు పంచాయతీ ప్రెసిడెంటుకు చీటీ రాయడం ఊహించుకోండి! మా కోడలు రాసింది.

“ఎన్నాళ్ళుంటానని రాశావమ్మా?” అన్నాను.

“ఈ వీసా మీద తొంభై రోజులు దాటి వుండనివ్వరు లెండి, అత్తయ్యా” అంది. ఆ మాటలో కాస్త సంతోషం వినిపించిందంటే అది నా చెవుల దోషమే కావచ్చు.

ఇక అక్కడి మధ్యాహ్నం. పన్నెండున్నర అయ్యేసరికి కొట్లు ఒక్కొక్కటే మూతపడతాయి. మళ్ళీ మూడున్నర, నాలుగుకి గాని తెరవరు. కిటికీల చెక్కరెక్కలు మూసేస్తారు. ఆ వేళ పిల్లవాడు వాకిట్లో బంతి తన్నితే ఎవరో మేడమీదనుంచి గదమాయిస్తారు. మేలో మన వీధులూ అంతే కదా అని నాకు ప్రాణం లేచివచ్చింది. తడితల ఆరకుండా బయటికి వెళ్ళకూడదనీ, చెమటమీద చల్లగాలి తగిలితే మెడ పట్టేస్తుందనీ అక్కడి ముసలమ్మలు కోప్పడుతుంటే మా అమ్మమ్మే లేచి వచ్చిందనుకున్నాను. చల్లబడ్డాక ఊరంతా చావడి మెట్లమీదికి చేరినట్టు చౌకులోకి చేరి, పని లేకపోయినా అటూ యిటూ నడుస్తారు. రోడ్డుపక్క పందిళ్ళలో పుచ్చకాయ ముక్కలు తింటూ పొద్దుపోయేదాకా కూర్చుంటారు. ఆ జిల్లా పుచ్చకాయకు యూరప్‌లో ప్రత్యేక గుర్తింపే వుంది.

అయితే మధ్యాహ్నం ఊరు తలుపులు మూసుకుంటుందంటే అర్థం, మూసుకోవడానికి తలుపులున్నవాళ్ళు మూసుకుంటారని. వారం తిరక్కుండానే బజారులో తలపాగాలు కనిపించాయి. కొన్ని దశాబ్దాలుగా ఆ మైదానంలోని పశువుల కొట్టాల్లో పంజాబీలు పనిచేస్తున్నారు. 2000 సంవత్సరంలో నొవెల్లారాలో పెద్ద గురుద్వారా కట్టుకున్నారు. ఆ జిల్లా పేరు పెట్టుకున్న పార్మిజానో రెజ్జానో జున్ను ప్రపంచమంతా తింటుంది. 40 కిలోల చక్రానికి 500 లీటర్లకు పైగా పాలు కావాలి, ఏడాదైనా మాగాలి. ఆ పాలు పితికేవాళ్ళలో చాలామంది పంజాబీలే. పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారని విన్నాక నేను దాన్ని ముట్టలేదు.

పొలాల్లో పని మరీ కష్టం. 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లాతీనా దగ్గర ఒక పంజాబీ కూలీకి యంత్రంలో పడి చేయి తెగింది. ఆసుపత్రికి తీసుకుపోకుండా అతన్ని యింటి దగ్గర వదిలేశారు. తరవాత రెండు రోజులకు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఇటలీ అంతా అట్టుడికింది. నేను వెళ్ళిన ఏడు జూలైలో, యెండ ప్రమాదంగా వున్న రోజుల్లో పన్నెండున్నర నుంచి నాలుగుదాకా పొలాల్లోనూ కట్టడాల దగ్గరా పని చేయించరాదన్న ఉత్తరువును ఆ రాష్ట్రం అమల్లోకి తెచ్చింది. దుకాణదారుకు తరతరాలుగా వున్న ఆ మూడున్నర గంటల నీడ కూలివాడికి ఉత్తరువు మీద వచ్చింది.

మా పక్కింటావిడకు ఎనభై దాటాయి. మా మనవడు ఆవిణ్ణి ‘నోన్నా’ అంటాడు, అంటే మామ్మ. ఆగస్టులో ఒకరోజు వాళ్ళ పెరట్లోకి బుట్టలకొద్దీ టమాటాలు దిగాయి. కొడుకులు, కోడళ్ళు, మనవలు అంతా హాజరు. ఉడికించి, మర పట్టి, తోలూ గింజలూ వేరుచేసి, సీసాల్లో పోసి, ఒక్కొక్క తులసిజాతి ఆకు వేసి మూతలు బిగించారు. సీసాలకు గుడ్డలు చుట్టి పెద్ద డ్రమ్ములో మరగబెట్టారు. ఏడాదికి సరిపడా పులుసన్నమాట. మన ఆవకాయ సంబరమే! తడి తగలరాదని ఆవిడ కేకలు వేస్తుంటే నాకు భాష అక్కర్లేకపోయింది. కొంగు దోపి, చాకు పట్టుకొని కూర్చున్నాను. అంతవరకు ‘సిన్యోరా’ అని తల వూపి వెళ్ళిపోయేవాళ్ళు, నేను కోసిన ముక్కలు పెద్దవయ్యాయని నన్నూ కోప్పడ్డారు.

పని తెమిలాక ఆవిడ కబుర్లలో పడింది. పుట్టిల్లు దక్షిణాన కలాబ్రియాలోనట. 1950, 60లలో దక్షిణాదినుంచి లక్షలమంది పనులకోసం ఉత్తరాదికి వచ్చారు. వాళ్ళలో ఈ దంపతులూ ఒకరు. అరవై ఏళ్ళయినా ఊళ్ళో కొందరు తనని ‘దక్షిణాది మనిషి’ అనే అంటారని నవ్వుతూ చెప్పింది. తెలుగులో చెబుతున్న మా కోడలు అక్కడ ఆగిపోయింది.

కారణం వుంది. జూన్ 8, 9 తేదీల్లో అక్కడ దేశమంతటా ఓటింగు జరిగింది. మనబోటి విదేశీయులు పౌరసత్వం అడగాలంటే పదేళ్ళు అక్కడ నివాసముండాలి. దాన్ని అయిదేళ్ళకు తగ్గించాలా అన్నది అందులో ఒక ప్రశ్న. ఓటర్లలో సగానికి మించి రాకపోతే ఫలితం చెల్లదు. మూడోవంతు కూడా రాలేదు. మా వాళ్ళకు అప్పటికి ఆరో యేడు. మనవడు అక్కడే పుట్టినవాడు. అయినా వాడంతట వాడు అడగాలంటే, పద్ధెనిమిదేళ్ళు నిండేదాకా ఎడతెగకుండా ఆ దేశంలోనే వుండాలి. వాడికి మాత్రం ఇవేవీ తెలియవు. చౌకులో సగంమందిని పేరుపెట్టి పిలుస్తాడు.

నిజం చెప్పాలంటే, “విశాఖపట్నం వచ్చెయ్యండర్రా, ఉద్యోగం ఇక్కడా దొరుకుతుంది” అని గట్టిగా చెప్పి రావాలనే నేను వెళ్ళాను. మూడుసార్లు నోటిదాకా వచ్చింది. టమాటాల నాటి రాత్రి మా అబ్బాయే, “ఏమిటమ్మా, ఏదో అనబోయావు?” అన్నాడు. “పక్కింటావిడకు వచ్చే ఏడు ఆవకాయ పంపిస్తాను, నూనె కారకుండా ఎట్లా కట్టాలి?” అన్నాను.

వినాయక చవితి ఆ ఏడు ఆగస్టు 27న వచ్చింది. ఆ వేళకు మా స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి చేరుకోవాలని అంతకుముందే బయలుదేరాను. ఆవిడ యిచ్చిన సీసాను పట్టుచీరలో చుట్టి పెట్టె అడుగున పెట్టాను. చుక్క కారలేదు. పండగ మర్నాడు దానితో చారు పెట్టాను. మా వారు రెండుసార్లు వడ్డించుకొని, ఇంగువ తక్కువైందన్నారు.