గీత పెరగాలా, పెరగకూడదా?

బోరబండ నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. “మావాడు రైఫిల్ క్లబ్బులో చేరాడు. తుపాకికి దూరదర్శిని కావాలని రోజూ పోరుతున్నాడు. దుకాణంలో రెండు రకాలు చూపించి, ‘ఫస్ట్ ఫోకల్ ప్లేన్’ ఖరీదెక్కువ, ‘సెకండ్’ చవక అన్నారట. వాళ్ళ నాన్నగారి బోనసంతా దానికే సరి. ఏది కొనమంటారు?”

అమ్మా, ముందు వాడి సాధన దేనికోసమో అడగండి. ఒలింపిక్సు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకైతే ఏదీ కొనవద్దు. అందులో దూరదర్శిని బిగించనివ్వరు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచుపతకం గెలిచింది చిన్న రంధ్రంలోంచి గురి చూసే!

వందల మీటర్ల దూరం కొట్టే పోటీలకైతే తేడా తెలియాలి. లోపల కనిపించే అడ్డుగీతలే రెటికిల్. వాటిమీది గుర్తులకు ‘మిల్’ కొలత. ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 600 దగ్గర 60. దూరం పోయేకొద్దీ తూటా కిందికి జారుతుంది గనుక, గుర్తులు లెక్కపెట్టి గురి పైకెత్తాలి.

సెకండ్ రకంలో బొమ్మ పెరిగినా గీతలు పెరగవు. అందుచేత లెక్క ఒక్క పవరు దగ్గరే, సాధారణంగా అత్యధిక పవరు దగ్గరే, సరిపోతుంది. పవరు సగానికి దించి రెండు గుర్తులు లెక్కపెడితే అవి నాలుగు మిల్‌లు! 600 మీటర్ల దగ్గర తూటా గురికి 1.2 మీటర్లు పైనుంచి పోతుంది. చాంద్‌మారీలో మట్టిగట్టు పొట్టిదైతే ఏమవుతుందో ఆలోచించండి.

ఫస్ట్ రకంలో గీతలూ బొమ్మా కలిసే పెరుగుతాయి. లెక్క తప్పదు. అయితే తక్కువ పవరులో గీత వెంట్రుకలా సన్నబడి కనపడదు.

ఈ మర్మం మీ చుట్టుపక్కల పాతదే. బేగంపేటలోని నిజామియా వేధశాలలో, గత శతాబ్దం తొలి దశాబ్దాలలో, ప్రపంచ నక్షత్రపటం కోసం ఫొటోలు తీసినప్పుడు, ఆ పలకమీదే 5 మిల్లీమీటర్ల గళ్ళు ముద్రించేవారు. తరువాత సూక్ష్మదర్శినిలో ఎంత పెద్దవిచేసి చూసినా గళ్ళూ చుక్కలూ కలిసే పెరిగేవి. కొలత చెడేది కాదు.

దూరాలూ పవరూ మారుస్తూ కొట్టేవాడికి ఫస్ట్ రకం. ఒకే దూరాన, ఒకే పవరులో, కాగితం గురి కొట్టేవాడికి చవకదే చాలు. మీవాడు ఇందులో ఎవరో వాడికే ఇంకా తెలియదు. ఒక యేడాది క్లబ్బు తుపాకితో సాధన చేయనివ్వండి. అంతవరకూ బోనసు పోస్టాఫీసులో ఉంటే ఎవరి గురీ తప్పదు.