కార్టు పందెం - పక్కటెముకల నొప్పి

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మాయికి 15 ఏళ్లు. సెలవుల్లో మేనమామ ఇంట ఉండి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో కార్టు నడపడం మొదలుపెట్టింది. పోటీలకు వెళతానంటోంది. వచ్చినప్పటినుంచీ పక్కటెముకలు నొప్పి. ఆ బండికి సీటుబెల్టు కూడా లేదట! మాన్పించమంటారా?
- ఒక తల్లి, తిరుచానూరు

జవాబు: మాన్పించనక్కరలేదమ్మా. కార్టుకు స్ప్రింగులుండవు. మలుపు తిరిగినప్పుడు ఒంటి బరువంతా సీటు అంచుమీద పడుతుంది. కొత్తవారికి ఈ నొప్పి మామూలే. అయితే ఊపిరి పీల్చినా, దగ్గినా పొడిచినట్లుంటే ఎముక చిట్లి ఉండవచ్చు. డాక్టరుకు చూపించి, పూర్తిగా నయమయ్యేవరకు బండి ఎక్కనివ్వకండి. తరువాత కూడా ఒంటికి సరిపడే సీటు, పక్కటెముకలకు కవచం ఉండాలి. పందెపు కార్టులకు బెల్టు ఉండదు. బండి తిరగబడితే మనిషి దానికింద నలగకూడదని.

నా భయమల్లా జడ గురించి. 2020లో హైదరాబాదు శివారు గుర్రంగూడలో సరదాగా కార్టు ఎక్కిన ఒక విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకొని ప్రాణం పోయింది. ఇరుసు సరిగ్గా వీపు వెనకే తిరుగుతూ ఉంటుంది మరి. తలనీలాలిచ్చి రమ్మనను గాని, జడ గట్టిగా చుట్టి, హెల్మెట్ కింద వేసే గుడ్డటోపీలోకి దోపాలి. చున్నీ అసలే వద్దు. హెల్మెట్ బిగించాక తల విదిలించినా కదలకూడదు. మేనమామగారి స్కూటరు హెల్మెట్ పనికిరాదు.