చూచిన ఘోరమునే మరల చూచుట

2021 జనవరిలో మదనపల్లెలో ఇరువురు యువతులు స్వగృహముననే హతులైరి, కన్నవారే నిందితులైరి. 2023 ఆగస్టు 4వ తేదిని పుంగనూరులో రాళ్లు రువ్వుకొనిరి. పోలీసు వాహనములు దగ్ధమయ్యెను. ఇవి ప్రజలకు తెలియవలసిన వార్తలే. కాని యొక్క దృశ్యమునే దినమెల్ల టెలివిజనులో త్రిప్పి త్రిప్పి చూపుట వార్త యగునా? కుప్పములో నింట కూర్చున్నవారికి దానివలన క్రొత్తగా తెలియునదేమియు లేదు. గుండెదడ మాత్రము మిగులును.

2013లో బోస్టను నగరమున బాంబులు ప్రేలిన పిమ్మట అమెరికా పరిశోధకులు విచారించిరి. దినమునకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలలో మునిగినవారు ఘటనాస్థలమున నున్నవారికంటెను ఎక్కువ మనోవేదన చెందినట్లు తేలెను. టెలివిజనును ఆర్పివేయరాదా యందురేమో. తరువాత నేమగునో యను భయమే ఆర్పనీయదు. క్రొత్త సంగతి తెలిసినప్పుడే మరల చూపుడని చానళ్లవారిని కోరుచున్నాము.